తేదీ చివర్లో పెట్టుకుందాం

మా పెద్దవాడికి చర్చిలో నీళ్ళు పోసి క్రైస్తవుణ్ణి చేసిన జ్ఞానస్నానం వీడియో ఇంట్లో ఉంది. పాప కడుపులో ఉండగా ఒక రాత్రి నిద్రపట్టక దాన్ని పెట్టుకుని చూశాను. అందులో ఒకచోట ఫాదర్ గారు మా ఇద్దరి వైపు తిరిగి అడుగుతారు: బిడ్డకి జ్ఞానస్నానం కావాలని వచ్చారు, వాణ్ణి విశ్వాసంలో పెంచే బాధ్యత మీరు తీసుకుంటున్నారు, ఎంత పని తలకెత్తుకుంటున్నారో మీకు బాగా తెలుసా అని. నేను "తెలుసు" అంటాను. ఆ మాట అనేటప్పుడు నా కళ్ళు ఆయన మీద లేవు. ఫోటోగ్రాఫర్ చెయ్యి ఊపుతున్నాడు, బిడ్డ మొహం మీద పడ్డ శాలువా అంచు పక్కకి లాగమని. నేను అది లాగుతూ "తెలుసు" అన్నాను.

నాకేం తెలియదు. అలాంటి ప్రశ్న ఒకటి అడుగుతారన్న సంగతే తెలియదు. వీడియో అక్కడే ఆపేసి, పక్క గదిలో నిద్రపోతున్న వాడి దగ్గరికెళ్ళి కూర్చున్నాను. వాడికి అప్పటికి ఆరేళ్ళు. ఆరేళ్ళ కిందట వాడి తరఫున ఒక మాట ఇచ్చాను. ఏం మాట ఇచ్చానో ఇప్పుడు వీడియో చూసి తెలుసుకుంటున్నాను.

ఎందుకలా జరిగిందో ఆలోచిస్తే కారణం చాలా మామూలుది. మేం ముందు తేదీ పెట్టుకున్నాం. ఎవరెవరికి ఎప్పుడు సెలవులో చూసుకుని, హాలు దొరికిన రోజు చూసుకుని, ఆ తర్వాత గుడికి వెళ్ళి ఫాదర్ గారికి తేదీ చెప్పాం. అక్కణ్ణుంచి ప్రతిదీ ఆ తేదీ వెనక పరిగెత్తింది. బట్టలు, పిలుపులు, బహుమతులు, ఎవరు ఎక్కడ దిగాలి. తల్లిదండ్రుల తరగతి ముందురోజు సాయంత్రం ఒక గంట. బిడ్డ ఏడుస్తుంటే నేను సగంలో బయటికి వచ్చేశాను. బిడ్డని విశ్వాసంలో పెంచడానికి తోడుంటానని మాటిచ్చి జ్ఞానతండ్రిగా నిలబడాల్సినాయన ఆ గంటకి ఊళ్ళోకే రాలేదు. తేదీ అయితే ఉంది కాబట్టి జ్ఞానస్నానం జరిగిపోయింది.

అందుకే ఈ వ్యాసం. బిడ్డ జ్ఞానస్నానానికి సిద్ధపడే తల్లిదండ్రులతో నేను గట్టిగా చెప్పాలనుకునేది ఒకటే: తేదీ చివర్లో పెట్టుకోండి. ఇదేదో సర్దుబాటు చిట్కా అని చెప్పడం లేదు. మొదట ఏది తేలుతుందో మిగతావన్నీ దానికి తగ్గట్టు సర్దుకుంటాయి.

ఒక చరిత్ర సంగతితో మొదలుపెడతాను, ఎందుకంటే నాకు కళ్ళు తెరిపించింది అదే. మా అమ్మమ్మ తరం దాకా కతోలిక గుళ్ళలో జ్ఞానస్నానం లాటిన్‌లో జరిగేది. ఆ పాత పద్ధతిలో గురువు బిడ్డని పేరుపెట్టి పిలిచి బిడ్డనే అడిగేవారు: నీకు జ్ఞానస్నానం కావాలా? బిడ్డ ఏం చెబుతుంది? ఎత్తుకున్న జ్ఞానతల్లో జ్ఞానతండ్రో "కావాలి" అనేవారు. పెద్దవాళ్ళ కోసం పుట్టిన ప్రశ్నల్ని పసిబిడ్డకి తగిలించి, జవాబు ఇంకొకరి నోటితో చెప్పించడం అన్నమాట. కతోలిక బిషప్పులంతా కూర్చున్న రెండవ వాటికన్ మహాసభ 1963లో దైవారాధన మీద వెలువరించిన ప్రకటనలో దీన్ని మార్చమంది. వచ్చేది పసిబిడ్డలన్న నిజానికి తగ్గట్టు ఈ కర్మ ఉండాలి, తల్లిదండ్రుల బాధ్యత అందులో స్పష్టంగా కనబడాలి అని. ఆ మాట ప్రకారం 1969లో పిల్లల జ్ఞానస్నానానికంటూ ప్రత్యేకంగా కొత్త క్రమం వచ్చింది. శ్రీసభ (కతోలిక సంఘం) చరిత్రలో పసిపిల్లల కోసమే కూర్చిన మొదటి క్రమం అది. అందులో ప్రశ్నలు బిడ్డని అడగరు. తల్లిదండ్రుల్నీ, జ్ఞాన తల్లిదండ్రుల్నీ అడుగుతారు.

తెలుగులో దీన్ని ఒక్క అక్షరం ఖర్చు లేకుండా చెప్పొచ్చు. "నువ్వు" పోయి "మీరు" వచ్చింది. సైతానుని విడనాడుతున్నావా అని కాదు, విడనాడుతున్నారా అని. వాడి పనుల్ని, వాడి బూటకపు ఆశల్ని విడనాడుతున్నారా? తండ్రియైన దేవుణ్ణి విశ్వసిస్తున్నారా? ఆ "మీరు" నేనే. బిడ్డ తరఫున చెప్పే జవాబు కాదది, నా జవాబు. నేను సైతానుని విడనాడానా లేదా అని నన్ను గుడి మధ్యలో నిలబెట్టి అడుగుతున్నారు. నేను శాలువా సర్దుతున్నాను.

మా అన్నయ్య సంగతి ఇక్కడ చెప్పాలి. అన్నయ్య పెళ్ళయ్యాక వదినతోపాటు బాప్తిస్టు సంఘానికి వెళ్తున్నాడు. పెద్దయ్యాక, నీటిలో ముంచే బాప్తిస్మం మళ్ళీ తీసుకున్నాడు. మళ్ళీ అంటే వాడొప్పుకోడు, అదే మొదటిదంటాడు. మా ఇద్దరి మధ్య ఈ మాట వచ్చినప్పుడల్లా మాటలే వేరైపోతాయి. నేను జ్ఞానస్నానమంటాను, వాడు బాప్తిస్మమంటాడు. నేను పవిత్రాత్మ అంటాను, వాడు పరిశుద్ధాత్మ అంటాడు. బాప్తిస్మం అన్నది గ్రీకు మాట, ముంచడమని అర్థం. మా వాళ్ళు దాన్ని తెలుగు చేస్తూ స్నానాన్ని ఉంచి పక్కన జ్ఞానం చేర్చారు. అన్నయ్య పట్టుకునేది సరిగ్గా అక్కడే.

"ఏం జ్ఞానముందని అమ్మాయ్ ఆ పాపకి? పాలు తాగడం తప్ప ఏం తెలుసు?"

పాప పుట్టకముందే అడిగాడీ మాట. వెటకారంగా కాదు, నిజంగా బాధపడుతూ. "మా సంఘంలో బాప్తిస్మం కావాలంటే మనిషి లేచి నిలబడి తన సాక్ష్యం చెప్పాలి. పెద్దలు ప్రశ్నలడుగుతారు. తొందరపడ్డావనిపిస్తే ఆగమంటారు. మీరు ఒక గంట తరగతి పెట్టి కానిచ్చేస్తారు."

ఆ చివరి మాటకి నా దగ్గర జవాబు లేదు. వీడియో చూసి అప్పటికి వారం కాలేదు.

పసిపిల్లలకి ఇవ్వొచ్చా అన్న వాదన ఇవాళ్టిది కాదు. బైబిల్లోని అపొస్తలుల కార్యాల్లో లుదియ, ఆమె ఇంటివాళ్ళు బాప్తిస్మం పొందారని ఉంది, ఫిలిప్పీ చెరసాల అధికారి తన ఇంటివాళ్ళందరితో పొందాడని ఉంది. ఆ ఇళ్ళలో పసివాళ్ళున్నారా లేరా అన్నది అక్కడ రాసిలేదు. ఉండే ఉంటారని మేం, రాయనిది చదవొద్దని అన్నయ్యవాళ్ళు. 1525 జనవరిలో జ్యూరిక్‌లో కొన్రాడ్ గ్రేబెల్ అనే యువకుడు తన సహవిశ్వాసి జార్జ్ బ్లావ్‌రాక్‌కి మళ్ళీ బాప్తిస్మం ఇచ్చాడు. వాళ్ళిద్దరికీ పసితనంలో అయిందే, అది లెక్కలోకి రాదన్నారు. వాళ్ళతో ఉన్న ఫెలిక్స్ మాంజ్‌ని 1527లో ఆ ఊరి నదిలోనే ముంచి చంపారు. తోటి క్రైస్తవులే చంపారు. ఇది చదివిన రోజు నేను అన్నయ్యకి ఫోన్ చేశాను. ఏం మాట్లాడానో గుర్తులేదు, క్షమించమన్నట్టు ఏదో అన్నాను. పసిబిడ్డ జవాబు చెప్పలేదన్న మాట కోసం మనుషులు ప్రాణాలిచ్చారు. అలాంటప్పుడు బిడ్డ పక్కన నిలబడి జవాబు చెప్పే మేం ఎంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెప్పాలి?

నేను పసిపిల్లల జ్ఞానస్నానం వైపే ఉన్నాను. దేవుని ప్రేమ మన తెలివి కోసం కాచుక్కూచోదని నమ్ముతాను. బిడ్డకి మాటలొచ్చాక మాట్లాడదామని ఏ తల్లీ ఆగదు. ముందు మనం మాట్లాడుతూ ఉంటే మాటలొస్తాయి. "చిన్నబిడ్డలను నాయొద్దకు రానియ్యుడి" అన్న యేసు మాటలో పిల్లలు నడిచి రావాలన్న షరతు లేదు, ఎత్తుకొచ్చినవాళ్ళే ఎక్కువమంది అయ్యుంటారు. కానీ ఎత్తుకొచ్చేవాళ్ళకి తాము ఎక్కడికి వస్తున్నారో తెలియాలి కదా. అన్నయ్య సంఘంలో బాప్తిస్మం పొందే మనిషి మీద పెట్టే బరువుని, మేం బిడ్డని ఎత్తుకున్న మనుషుల మీద పెట్టాలి. ఇటూ పెట్టక, అటూ పెట్టక వదిలేస్తే అన్నయ్య మాటే నిజమవుతుంది.

పెరూ దేశంలోని లీమాలో 1982లో ప్రపంచ క్రైస్తవ సంఘాల మండలి తరఫున వేర్వేరు శాఖల వేదాంతులు కూర్చుని జ్ఞానస్నానం మీద ఒక పత్రం ఆమోదించారు. అందులో రెండు వైపులకీ చెరో మాట ఉంది. పెద్దలకే ఇచ్చే సంఘాలు, పసిబిడ్డలు కూడా దేవుని కృప నీడలో ఉన్నారన్నది ఇంకా బాగా కనబడేలా చెయ్యాలన్నారు. పసిబిడ్డలకిచ్చే సంఘాలు, ఎవరు తెచ్చినా అడిగిందే తడవుగా ఇచ్చేసే అలవాటు నుంచి జాగ్రత్తపడాలి, పెంపకం బాధ్యతని మరింత పట్టించుకోవాలన్నారు. ఈ రెండూ అన్నయ్యకి చదివి వినిపించాను. "మాకు చెప్పింది న్యాయంగానే ఉంది" అన్నాడు. మాకు చెప్పింది కూడా.

వెనక్కి ఇంకా దూరం వెళ్తే టెర్టూలియన్ ఉన్నాడు. తొలినాటి క్రైస్తవ రచయిత, ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజు వాడు, 200 ప్రాంతంలో జ్ఞానస్నానం మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. పసిపిల్లల విషయంలో ఆగడమే మంచిదన్నాడు. ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి నన్ను పట్టుకుని వదల్లేదు. జ్ఞాన తల్లిదండ్రుల్ని ఎందుకు ఆపదలోకి నెట్టడం అంటాడు. మాటిచ్చినవాళ్ళు మాట నిలబెట్టుకోకముందే చనిపోవచ్చు, లేదా బిడ్డ చెడ్డదారి పట్టి వాళ్ళ మాట వమ్ము కావచ్చు. ఆలోచించండి, ఆయన భయం బిడ్డ కోసం కాదు, బిడ్డ పక్కన నిలబడేవాళ్ళ కోసం! మాటివ్వడమంటే ప్రాణం పణంగా పెట్టడమన్న లెక్కలో ఉన్నాడు ఆయన. ఇవాళ మన దగ్గర జ్ఞానతండ్రిగా నిలబడటమంటే కొత్త బట్టలు పెట్టించుకుని ఫోటోలో పక్కన నిలబడే గౌరవం. టెర్టూలియన్ చెప్పిన ముగింపు నేను ఒప్పుకోను, ఆయన భయాన్ని మాత్రం ఒప్పుకుంటాను. అదే కార్తేజులో సుమారు 50 ఏళ్ళ తర్వాత సిప్రియను, ఆయనతో కూర్చున్న పీఠాధిపతులు (బిషప్పులు), మొత్తం 66 మంది, బిడ్డ పుట్టిన ఎనిమిదో రోజు దాకా కూడా ఆగనక్కర్లేదని ఒక్కమాటగా తేల్చారు. అంటే తొందర, ఆలస్యం అన్న తగువు అప్పట్నుంచీ ఉంది.

మా ఇంట్లో ఆ తగువు మా అత్తగారి రూపంలో వచ్చింది. తేదీ చివర్లో పెట్టుకుంటాం అని చెప్పగానే ఆవిడ మొహం మారిపోయింది. "అంతదాకా ఏదైనా అయితేనో అమ్మాయ్?" అంది. నెమ్మదిగా, నా పొట్ట వైపు చూడకుండా. ఆవిడకి మొదటి కాన్పు పోయిందని మా ఆయన నాకు ఎప్పుడో చెప్పాడు. ఆ బిడ్డకి జ్ఞానస్నానం అందలేదు. నలభై ఏళ్ళకి పైగా ఆవిడ మనసులో ఉన్న ముల్లు అది. ఇలాంటి భయాన్ని మూఢనమ్మకమని కొట్టేసేవాళ్ళంటే నాకు కోపం.

అందుకని ఇద్దరం కలిసి ఫాదర్ గారి దగ్గరికే వెళ్ళాం. ఆయన రెండు సంగతులు చెప్పారు. ఒకటి, ప్రాణాపాయం వస్తే ఎవరైనా ఇవ్వొచ్చు. గురువే ఉండాలని లేదు. నర్సు ఇవ్వొచ్చు, తండ్రి ఇవ్వొచ్చు, శ్రీసభ చేసేది చెయ్యాలన్న ఉద్దేశం ఉంటే అన్యమతస్థులైనా ఇవ్వొచ్చు. బిడ్డ తల మీద నీళ్ళు పోస్తూ, పేరు పిలిచి, "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానమిస్తున్నాను" అనాలి. అంతే. అది పూర్తి జ్ఞానస్నానమే, మళ్ళీ ఇవ్వరు. రెండోది, అందకుండా పోయిన బిడ్డల గురించి. అలాంటి బిడ్డల రక్షణ విషయంలో ఆశ పెట్టుకోడానికి గట్టి ఆధారాలున్నాయని 2007లో రోములోని అంతర్జాతీయ వేదాంత సంఘం ఒక పత్రం వెలువరించింది. నిశ్చయంగా తెలుసని కాదు, ఆశించడానికి కారణముందని. ఫాదర్ గారు ఇది చెబుతుంటే మా అత్తగారు పమిట కొంగు మెలిపెడుతూ కూర్చుంది. బయటికి వచ్చాక మెట్ల మీద ఆగి, "దానికి పేరు కూడా పెట్టుకున్నా" అంది. ఆ పేరేంటో మొదటిసారి మాకు చెప్పింది.

ఇంతకీ శ్రీసభ చట్టం ఆలస్యం చెయ్యమనదు. 1983 నాటి చట్టం 867వ నిబంధన, పుట్టిన మొదటి కొన్ని వారాల్లోనే ఇప్పించమంటుంది. అదే నిబంధనలో ఎవరూ చదవని ముక్క ఒకటుంది. బిడ్డ పుట్టిన వెంటనే, వీలైతే పుట్టకముందే తల్లిదండ్రులు విచారణ గురువుని (తమ గుడి ఫాదర్‌ని) కలిసి సంస్కారాన్ని అడగాలి, దానికి తగిన సిద్ధపాటు పొందాలి. పుట్టకముందే! తొమ్మిది నెలల సమయం ముందే ఇచ్చి ఉంచారు. మనం ఆ నెలల్లో ఉయ్యాల రంగు చూసుకుంటాం. తేదీ చివర్లో పెట్టుకోవడమంటే జ్ఞానస్నానాన్ని ఆలస్యం చెయ్యడం కాదు, సిద్ధపాటుని ముందుకి జరపడం. ఇది అర్థమయ్యాక మా అత్తగారికీ నాకూ మధ్య తగువే లేకుండా పోయింది.

ఇక జ్ఞాన తల్లిదండ్రుల సంగతి. అసలు పని ఇక్కడే ఉంది.

మా పెద్దవాడికి జ్ఞానతండ్రిగా మా ఆయనకి వరసకి అన్న అయ్యే ఒకాయన్ని పెట్టాం. మంచివాడు. ఆయన్ని ఎందుకు పెట్టామంటే, పెట్టకపోతే బాధపడతారని. అంతకు మించి కారణం లేదు. ఆ రోజు గుళ్ళో పాస్కా కొవ్వొత్తి (ఈస్టరుకి వెలిగించే పెద్ద కొవ్వొత్తి) నుంచి బాబు కొవ్వొత్తి వెలిగించింది ఆయనే. ఫాదర్ గారు ఆ వెలుగుని తల్లిదండ్రులకీ జ్ఞాన తల్లిదండ్రులకీ అప్పగిస్తున్నట్టు చెబుతారు, అది ఆరిపోకుండా చూసుకొమ్మని. పూజయ్యాక జనంలో ఆయన కొవ్వొత్తిని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. నేను వెనక్కి వెళ్ళి చూసేసరికి కిందపడి రెండు ముక్కలై ఉంది, ఒత్తి ఒక్కటే రెండు ముక్కల్నీ పట్టుకుని ఉంది. హడావుడిలో నేనూ తీసుకురాలేదు. ఆ ఆరేళ్ళలో ఆయన వాణ్ణి రెండుసార్లు చూశారేమో. ఆయన తప్పని నేననను. ఏం చెయ్యాలో మేం చెప్పలేదు, మాకూ తెలియదు.

దీనికి పక్కన నా జ్ఞానతల్లిని పెట్టి చూసుకుంటే నాకు సిగ్గేస్తుంది. ఆవిడ మా అమ్మ స్నేహితురాలు, బంధువు కాదు. నా పుట్టినరోజు ఆవిడకి గుర్తుండేది కాదు. జ్ఞానస్నానం జరిగిన తేదీ మాత్రం ఏ సంవత్సరమూ తప్పలేదు. ఆ రోజు వచ్చేది, దూరం వెళ్ళాక ఫోన్ చేసేది. "ఇవాళ నీ రోజు" అనేది. నాతోపాటు విశ్వాస సంగ్రహం (మేం నమ్మేవాటిని వరసగా చెప్పే ప్రార్థన) మొదటి నుంచి చివరి దాకా చెప్పేది, ఆపై చదువెలా ఉంది అని అడిగేది. పదహారేళ్ళ వయసులో నేను గుడి మానేశాను. ఆ రెండేళ్ళూ ఆవిడ ఫోన్ చేసింది. నేను ప్రార్థన చెప్పనంటే, "సరే, నేను చెబుతా, నువ్వు ఫోన్ పెట్టెయ్యకు" అంది. నేను పెట్టెయ్యలేదు.

జ్ఞానతల్లి అంటే ఇది. చట్టం అడిగేవి తక్కువే: 16 ఏళ్ళు నిండాలి, కతోలికులై భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) పొంది ఉండాలి, ఆ విశ్వాసానికి తగ్గ జీవితం గడుపుతుండాలి, కన్న తల్లీ తండ్రీ కాకూడదు. ఇద్దరుండాలని కూడా లేదు, ఒక్కరు చాలు. ఒక్కరు చాలన్న సంగతి తెలిస్తే ఎన్ని ఇళ్ళలో బంధువుల పంచాయితీ తీరిపోతుందో! అటువైపు ఒకరు ఇటువైపు ఒకరు అని తూకం వెయ్యడం మానేసి, ఈ బిడ్డకి పదహారేళ్ళొచ్చి మన మాట విననప్పుడు ఎవరి ఫోన్ ఎత్తుతుంది అని ఆలోచించొచ్చు.

నాలుగో శతాబ్దం చివర్లో ఎజేరియా అనే ఆవిడ యెరూషలేము యాత్ర చేసి, అక్కడ చూసినవన్నీ తన వాళ్ళకి ఉత్తరంగా రాసింది. తపస్సు కాలం (ఈస్టరుకి ముందు ఉపవాసాల రోజులు) మొదట్లో జ్ఞానస్నానం కోరేవాళ్ళని ఒక్కొక్కరినే పీఠాధిపతి ముందుకి తెచ్చేవారట. మగవాళ్ళ పక్కన జ్ఞానతండ్రి, ఆడవాళ్ళ పక్కన జ్ఞానతల్లి. పీఠాధిపతి ప్రశ్నలు ఆ మనిషిని కాదు, ఇరుగుపొరుగుని అడిగేవాడు. ఈయన మంచిగా బతుకుతున్నాడా? తల్లిదండ్రుల మాట వింటాడా? తాగుబోతు కాదు కదా? తృప్తిపడితే తన చేత్తో పేరు రాసుకునేవాడు, లేదంటే దిద్దుకుని రమ్మనేవాడు. పొరుగువాళ్ళని అడగడం! మేం జ్ఞానతల్లిని వెతికేటప్పుడు నేనూ మా ఆయనా ఈ ఒక్క పని చేశాం. ఎవరు మన బంధువు అని కాకుండా, ఎవరి గురించి చుట్టుపక్కలవాళ్ళు ఏమంటారు అని. అలా చూస్తే మా విచారణలో (మా గుడి సంఘంలో) పిల్లలకి సత్యోపదేశం (విశ్వాస పాఠాలు) చెప్పే ఒకావిడ దగ్గర ఇద్దరమూ ఆగాం. అడిగితే వెంటనే ఒప్పుకోలేదు. "రెండు వారాలు టైమివ్వండి, ప్రార్థన చేసుకుని చెబుతా" అంది. ఆ మాటతోనే నాకు నిశ్చయమైపోయింది.

కొందరు బంధువులకి కోపాలొచ్చాయి. వచ్చాయి, తగ్గాయి. అన్నయ్యని అడిగాను, ఇతర సంఘాల్లో బాప్తిస్మం పొందినవాళ్ళు జ్ఞానతల్లితోపాటు క్రైస్తవ సాక్షిగా నిలబడొచ్చని చట్టంలో ఉంది కాబట్టి. వాడు ఒప్పుకోలేదు. "నేను నమ్మనిదానికి సాక్షినెలా అవుతాను చెల్లీ? వచ్చి కూర్చుంటా, దాని కోసం ప్రార్థిస్తా" అన్నాడు. వాడు సాక్షిగా నిలబడకపోవడంలో కూడా మాటంటే ఏంటో తెలిసిన మనిషి కనిపించాడు నాకు.

ఏడో నెల నుంచి నెలకి రెండు సాయంత్రాలు మేం ముగ్గురం ఫాదర్ గారి దగ్గర కూర్చున్నాం. ఆయన పాఠాలేం చెప్పలేదు. క్రమం పుస్తకం మా చేతికిచ్చి పైకి చదివించేవారు. ఒక్కో ప్రశ్న దగ్గర ఆగి, దీనికి మీ జవాబేంటి అనేవారు. పుస్తకంలో ఉన్న జవాబు కాదు, మీ ఇంట్లో ఉన్న జవాబు. "సైతాను బూటకపు ఆశలు" దగ్గర మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన అప్పుల సంగతి, వాటి వెనక ఉన్న పోటీ సంగతి ఎత్తాడు. పెళ్ళైన తొమ్మిదేళ్ళలో నాతో అంత విడమర్చి ఎప్పుడూ చెప్పలేదు. ఆ సాయంత్రం ఇంకో ప్రశ్నకి వెళ్ళనే లేదు. తేదీ ముందే పెట్టుకుని ఉంటే ఆ సాయంత్రానికి చోటెక్కడిది?

చిన్న చిన్న విషయాలు కొన్ని. బిడ్డకి ముందు ఛాతీ మీద నూనె రాస్తారు, కాబట్టి ముందువైపు విప్పేలా ఉండే చొక్కా వెయ్యండి. తెల్లబట్ట ఇంటి దగ్గరే వేసి తీసుకెళ్ళకండి. పూర్వం నీళ్ళలోకి పాత బట్టలు విడిచి దిగేవారు, పైకొచ్చాక తెల్లబట్ట కట్టేవారు, వారం రోజులు అదే కట్టుకునేవారు. నీళ్ళు పడ్డాక తొడిగితేనే ఆ తెలుపుకి అర్థం. మొదటిసారి మేం ఇంటి దగ్గర్నుంచే తెల్లగా తీసుకెళ్ళాం, గుళ్ళో ఆ తెల్లబట్ట మీదే ఇంకో చేతిరుమాలంత తెల్లగుడ్డ కప్పారు. ఈసారి పాపని రంగు చొక్కాలో తీసుకెళ్ళాం. ఫోటోలకి ఒక్క మనిషే, ప్రశ్నలప్పుడు దగ్గరికి రావద్దని ముందే చెప్పాం. వెళ్ళేముందు కడుపునిండా పాలివ్వండి.

పాప పుట్టాక, తల్లీబిడ్డా బాగున్నారని తేలాక, ఫాదర్ గారి దగ్గర చివరి సాయంత్రం కూడా అయ్యాక, ఫాదర్ గారు "ఇక తేదీ చూసుకుందామా?" అన్నారు. ఆరో వారం, ఆదివారం పూజలో.

గుడి గుమ్మం దగ్గర బిడ్డ నుదుటి మీద ఫాదర్ గారు సిలువ గుర్తు వేస్తారు, తర్వాత తల్లీ తండ్రీ జ్ఞానతల్లీ వెయ్యాలి. మా ఆయన బొటనవేలు పాప నుదుటి దగ్గర ఒక్క క్షణం ఆగింది. అంత పెద్ద వేలు, అంత చిన్న నుదురు. అడ్డగీత కణత దాకా వెళ్ళింది, పాప కన్ను మూసుకుని తెరిచింది. అంతకు ముందే, ఆ గుమ్మం దగ్గరే ఆ ప్రశ్న వచ్చింది, ఎంత పని తలకెత్తుకుంటున్నారో తెలుసా అని. ఈసారి ఫాదర్ గారి కళ్ళలోకే చూసి చెప్పాను. గొంతు పూడుకుపోయి రెండోసారి చెప్పాల్సి వచ్చింది. మా పెద్దవాడు నా కొంగు పట్టుకుని అంతా వింటున్నాడు. లోపల మూడో వరసలో అన్నయ్య తల వంచుకుని కూర్చున్నాడు, వాడి పక్కన మా అత్తగారు.

పోయిన నెలకి ఏడాదైంది. ఆ తేదీకి పాప జ్ఞానతల్లి పొద్దున్నే వచ్చింది. పాప కొవ్వొత్తి ఆవిడే దాచి ఉంచింది, బట్టలో చుట్టి తెచ్చి వెలిగించి, విశ్వాస సంగ్రహం చెప్పింది. పాప మంటనే చూస్తూ చేతులు చాపుతోంది. మా పెద్దవాడు అంతా అయ్యేదాకా ఊరుకుని, "నాదేది?" అన్నాడు.

జరిగింది దాచకుండా చెప్పాను. విరిగిపోయిందని, మేం తీసుకురాలేదని. "మరి నా తేదీ ఎప్పుడు?" అన్నాడు. అది కూడా నాకు నోటికి రాలేదు, బీరువాలో సర్టిఫికెట్ తీసి చూడాల్సి వచ్చింది. ఆ రాత్రి మా ఆయన వాడి జ్ఞానతండ్రికి ఫోన్ చేశాడు. స్పీకర్‌లో పెట్టాడు. తప్పులెంచడానికి చెయ్యలేదన్నయ్యా, మేం మీకు సరిగ్గా చెప్పలేదు, వాడు అడుగుతున్నాడు అన్నాడు. అటునుంచి చాలాసేపు ఏం వినపడలేదు. తర్వాత, "ఏ తేదీరా?" అన్నారాయన. మా వాడే పక్కనుంచి చెప్పాడు, తారీఖు, నెల, సంవత్సరం. "కొవ్వొత్తి నేను తెస్తాను" అన్నారు. విశ్వాస సంగ్రహం కాగితం మీద రాసి ఫోటో పంపమన్నారు, మధ్యలో మర్చిపోతానేమోనని.

పంపాం. ఇంకా 19 రోజులుంది.